తొందరేం లేదమ్మా

ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. నేను పనిచేసే లాయరుగారికీ చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు గనుకే.

మార్కాపురంలో లాయరు గుమాస్తాను. ఇరవై ఏళ్ల పైమాటే. ఏ కాగితం ఏ కోర్టులో వేయాలో, ఎన్ని రోజుల్లో వేయాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అందుకే నేను చేసినదాన్ని పొరపాటు అనడానికి వీల్లేదు.

పోయినసారి పంచాయతీ ఎన్నికలప్పుడు, ఫలితం వచ్చిన నాలుగో రోజు ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. మా సొంతూరి మనిషే. పలకల ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. సర్పంచిగా నిలబడి ఏడు ఓట్లతో ఓడిపోయింది. లెక్కింపులో తన ఏజెంటును బయటికి పంపేశారని, మళ్లీ లెక్కపెట్టమంటే వినలేదని చెప్పింది. లాయరుగారు ఆ రోజు ఒంగోలులో ఉన్నారు. నన్నే అడిగింది.

"ఏ కోర్టుకు పోవాలన్నా? ఊళ్లో అందరూ పెద్ద కోర్టుకే పోమంటుండారు."

"అవునమ్మా. ఇది హక్కుల సంగతి. హైకోర్టే వినాల."

"గడువేమన్నా ఉంటదా?"

"తొందరేం లేదమ్మా. ముందు కాగితాలన్నీ కూడబెట్టుకో."

అంతే జరిగింది. నిజానికి పంచాయతీ ఎన్నిక మీద గొడవ ఉంటే ముప్పై రోజుల్లోపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో పిటిషన్ వేయాలి. ఆ కోర్టు మా ఆఫీసుకు రోడ్డవతలే ఉంది. ఆమె కూర్చున్న చోటి నుంచి కిటికీలో దాని గేటు కనిపిస్తుంది కూడా.

ఎందుకలా చెప్పాను? గెలిచినాయన నన్ను ఏమీ అడగలేదు. ఒక్క ఫోను కూడా చేయలేదు. మా తమ్ముడి కుటుంబం ఊళ్లోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు ఏ వీధిలో ముందు ఆగాలో చెప్పేది ఆయనే. నా చేతి మీదుగా ఆయన మీద కేసు పడితే, ఆ ట్యాంకరు తమ్ముడి వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుందేమోనని భయం. ఎవరూ బెదిరించకుండానే బెదిరిపోయాను. లాయరుగారు లేరు, రేపు రామ్మా అని ఉండొచ్చు కదా? ఆపాటి మాటకూ నాకు ధైర్యం చాలలేదు.

ఆమె పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, కాగితాలు పోగుచేసి, అమరావతిలో ఒక లాయరును పట్టుకునేసరికి నెల దాటిపోయింది. ఇది వినాల్సింది కింది కోర్టు అని హైకోర్టు తిప్పి పంపింది. కింద చూస్తే గడువు అయిపోయింది. అమరావతి లాయరు ఈ వివరమేదీ ఆమెకు చెప్పకుండా, ఆలస్యమైందని మాత్రం చెప్పి పంపేశాడట. ఆ ఓట్ల కట్టలు మళ్లీ ఎవరూ విప్పలేదు. ఆమె నిజంగా ఓడిందో గెలిచిందో ఇక ఎవరికీ తెలియదు. విప్పినా ఓడేదేలే అని నాకు నేను ఎన్నిసార్లు నచ్చజెప్పుకున్నానో. ఓడితే ఓడేది, కనీసం ఆమె మాట ఒక జడ్జి వినేవాడు కదా?

ట్యాంకరు తమ్ముడింటి ముందు ఎప్పటిలాగే ఆగుతోంది. నేను నోరు విప్పి ఉన్నా ఆగేదేమో, అదీ తెలియదు.

ఇంతకంటే నరకం ఇంకొకటుంది. ఆమె నన్ను నమ్మడం మానలేదు. "అన్న సరిగ్గానే చెప్పినాడు, నేనే ఆలస్యం చేసినా" అని ఊళ్లో అంటుందట. కోర్టు పని ఉన్నవాళ్లను నా దగ్గరికే పంపుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా "ఏ కోర్టు" అని అడిగితే చాలు, నాకు చెమటలు పడతాయి.

మొన్న ఆమే మళ్లీ వచ్చింది. ఈసారీ నిలబడుతుందట. తేడా వస్తే ఏం చేయాలో ముందే తెలుసుకుందామని వచ్చింది. తెల్లకాగితం మీద కోర్టు పేరు, ముప్పై రోజుల గడువు రాసిచ్చాను. కూడబలుక్కుంటూ చదువుకుంది. తలెత్తి కిటికీలోంచి గేటు వైపు చూసింది.

"పోయినసారి గూడా ఇదేనా అన్నా?"

చట్టం మారిందమ్మా అందామని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇదేనమ్మా" అన్నాను.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. రోడ్డు దాటాక కోర్టు గేటు ముందు కాసేపు నిలబడింది. నేను కిటికీ దగ్గరి నుంచి పక్కకు జరిగాను.

ఆమె మళ్లీ వస్తుందో రాదో తెలియదు. వస్తే ఏమని అడుగుతుందోనన్న భయం ఇంకా ఉంది. అడిగితే చెప్పాల్సిన మాటను మాత్రం ముందు మీ దగ్గర అనేస్తున్నాను. నాకు తెలుసు. తెలిసే తప్పు దారి చెప్పాను.