పోస్టు పెట్టెలో కాపురం

వర్నా స్కాగ్స్ నోరు మంచిది కాదని మా కౌంటీలో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోక చస్తారా? వాళ్ళలో సగంమంది చిన్నప్పుడు ఆమె నడిపే స్కూలు బస్సులో తిట్లు తిన్నవాళ్ళే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గుట్టల దారుల్లో బస్సు నడుపుతోంది. మంచి నోటితో అయ్యే పనా అది!

ఆమెకు మిగిలిన రక్తసంబంధం చెల్లెలు ఓలీటా ఒక్కతే. ఓలీటా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు తినిపించి, పక్కలు మార్చే పని చేసేది. చక్కెర జబ్బు మనిషి. ప్రభుత్వ వైద్యానికైతే ఆమె జీతం ఎక్కువట, సొంతంగా బీమా కొనుక్కోవడానికేమో చాలదు. అందుకని ఇన్సులిన్ సగమే వేసుకునేది. ఆ వసంతంలో కుడికాలి బొటనవేలి మీద పుండు లేచి మానడం మానేసింది.

"డాక్టరుకి చూపించుకోవే మొద్దూ" అని వర్నా పోరేది.

"వచ్చే నెల వెళ్తాలే అక్కా" అనేది ఓలీటా. ఆ వచ్చే నెల ఐదేళ్ళుగా రానేలేదు.

అప్పుడే రాష్ట్రమంతటా ఓ అర్జీ బయల్దేరింది. ఓలీటా లాంటివాళ్ళకు ప్రభుత్వమే వైద్యబీమా ఇవ్వాలా వద్దా అన్నది నవంబరులో జనం ఓటుకే పెట్టాలని. శాసనసభ వాళ్ళు అప్పటికే మూడుసార్లు కాదు పొమ్మన్నారు. ఓటుకు రావాలంటే ప్రతి ప్రాంతం నుంచీ ఇన్నని సంతకాలు కావాలి. మా వైపు నుంచి కనీసం మూడువందలు రాకపోతే లాభం లేదన్నారు. వర్నా కాగితాల కట్ట అందుకుంది.

మా వైపు ఎవరికి పెద్ద జబ్బు చేసినా ఫైర్ స్టేషన్ హాల్లో బీన్సు, మొక్కజొన్న రొట్టె వండిపెట్టి చందాలు పోగుచేస్తారు. ఆ శనివారం విందు ఓ పసిపిల్ల గుండె ఆపరేషన్‌కి. వర్నా గుమ్మంలోనే బల్ల వేసుకుని కూర్చుంది.

"ఈ గరిటె తిప్పీ తిప్పీ నా భుజం అరిగిపోయింది. బీన్సుతో ఇంకెన్ని గుండెలు బాగుచేస్తాం? ముందు సంతకం, తర్వాత తిండి!"

పశువుల ఆసామి డెల్మర్ క్రౌచ్ మాత్రం కలం ముట్టలేదు. "ప్రభుత్వం చేతిలో పెడితే జలుబుకి కూడా దరఖాస్తు పెట్టుకోవాలి. కట్టేదేమో మాబోటి వాళ్ళం. మా తాత ఒకడి సొమ్ము ముట్టి ఎరగడు" అన్నాడు.

"కరువులో మీ తాత ఆవులకి దాణా ఎవరిచ్చారయ్యా, మబ్బుల్లోంచి రాలిందా?"

హాలంతా గొల్లున నవ్వింది. డెల్మర్ మూతి ముడుచుకుని మారు వడ్డించుకున్నాడు.

మూడువందల పన్నెండు సంతకాలు. సోమవారం పొద్దున్నే వర్నా రొమ్ము విరుచుకుని కౌంటీ ఆఫీసుకు వెళ్ళింది. ఓటర్ల జాబితా చూసే ఓర్ఫా కాగితాలు తిరగేసి కళ్ళజోడు తీసింది.

"కూర్చో వర్నా."

"నిలబడే వింటాను, చెప్పు."

"ఇందులో ముప్పై కూడా చెల్లవు. ఇల్లెక్కడో రాయమంటే అందరూ పోస్టాఫీసులో పెట్టె నంబరు వేశారు. పెట్టెలో కాపురముంటారా ఎవరైనా?"

వర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. మా ఊళ్ళో అంతే మరి. రోడ్డు పక్కన ఉత్తరాల డబ్బా పెడితే కుర్రకుంకలు కారులో పోతూ బ్యాటుతో బాదేస్తారు. అందుకని అందరి ఉత్తరాలూ పోస్టాఫీసు పెట్టెకే. చిరునామా అంటే ఎవరికైనా అదే నోటికొస్తుంది. వర్నా కూడా అదే రాసింది!

"నేనే దిద్దేస్తే?"

"నువ్వు కలం పెట్టావో, మొత్తం పోతాయి. నీ ఎదుట వాళ్ళ చేత్తోనే మళ్ళీ రాయించాలి. శనివారం దాకా గడువు."

వర్నా తన ట్రక్కులో కూర్చుని భోరున ఏడ్చింది. ఏడుపయ్యాక ముక్కు చీదుకుని, తన బస్సు మలుపులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఈ కౌంటీలో ఏ ఇల్లు ఎక్కడుందో తనకంటే తెలిసినవాళ్ళెవరు?

ఆ వారమంతా బస్సు దిగడం, ట్రక్కు ఎక్కడం. తీరా చూస్తే సగంమందికి తమ ఇంటి నంబరే తెలియదు.

"మా ఇంటికి నంబరెక్కడిదమ్మా?"

"నాలుగువేల నాలుగువందల పద్దెనిమిది. ఆ గేటు దగ్గర నీ కూతురు జడ అల్లుకుంటుంటే పదేళ్ళు ఎదురుచూశాను. రాయి!"

శుక్రవారం సాయంత్రానికి రెండువందల డెబ్బై అయ్యాయి. ఏటి అవతల కొండవార ఇళ్ళు మిగిలాయి. వాన పడి ఏరు వంతెన మీదుగా పొర్లుతోంది. ఇక దారల్లా డెల్మర్ క్రౌచ్ పచ్చికబయళ్ళ గుండానే. గేటుకు తాళం.

వర్నా హారన్ మోగించింది. డెల్మర్ తీరిగ్గా వచ్చాడు.

"ఎందుకొచ్చావో తెలుసు. నేను సంతకం పెట్టను."

"పెట్టమని అడిగానా? గేటు తియ్యి. మా చెల్లెలి కాలు పోయేలా ఉంది డెల్మర్" అంది వర్నా.  

అతను ఏటి వైపు చూసి తాళం తీశాడు. "ఓట్లలో ఓడిస్తాను నిన్ను. గేటేసి గెలిచే ఖర్మ నాకేం పట్టలేదు. ఆవులు బయటికి పోకుండా చూసుకో."

కొండవార నుంచి నలభై రెండు సంతకాలొచ్చాయి. మా వైపు గట్టెక్కింది కేవలం పన్నెండు సంతకాల తేడాతో. అర్థమైందా? ఆ గేటు తీయకపోతే ఓటే లేదు.

నవంబరులో డెల్మర్ అన్నంత పనీ చేశాడు, మా కౌంటీలో అర్జీ ఓట్లలో చిత్తుగా ఓడింది. రాష్ట్రం మొత్తం మీద మాత్రం గెలిచింది! మర్నాడు పొద్దున వర్నా రైలు పట్టాల ముందు బస్సు ఆపి, రైలు చప్పుడు వినడానికి తలుపు తీసినప్పుడు రేడియోలో ఆ కబురొచ్చింది. ఆమె పెట్టిన కేకకు వెనక పిల్లలందరూ నోళ్ళు మూశారు. అంతమంది ఒక్కసారే నోళ్ళు మూయడం ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదలు.

జనవరిలో ఓలీటాకు కార్డు వచ్చింది. డాక్టరు పుండు చూసి, శుభ్రం చేసి, "ఇంకో నెల ఆగుంటే పాదం తీసేయాల్సొచ్చేది. ఇప్పుడు వేలు కూడా దక్కుతుంది" అంది.

ట్రక్కు రోడ్డెక్కాక ఓలీటా నోరు విప్పింది.

"అక్కా, నీకో అబద్ధం చెప్పాను. వచ్చే నెల వెళ్దామని నేనెప్పుడూ అనుకోలేదు. కాలు తీసేస్తే బతికినన్నాళ్ళూ నీ మీద పడాలి. దానికంటే తొందరగా పోతే నీకు సుఖమనుకున్నాను."

వర్నా ట్రక్కును నడిరోడ్డు మీదే ఆపేసింది. తర్వాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వెనక నాలుగు బండ్లు ఆగి హారన్లు కొడుతున్నా ఆమె ఆపలేదు, ఏడుస్తూనే తిట్టింది. ఓలీటా మాత్రం ఆ తిట్లన్నీ మనసారా నవ్వుతూ వింది.