జతలో ఒక్కటి

జతగా అమ్మే వస్తువును విడగొట్టించి, ఒక్కదాన్నే సగం ధరకు కొట్టుకొచ్చిన మొనగాణ్ణి మందస మొత్తం మీద నేనొక్కణ్ణే. పలాస బజారులో అంత పెద్ద ఎలక్ట్రానిక్స్ కొట్టువాడు నా బేరానికి చేతులెత్తేశాడు.

మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇళ్ళ మీద డిష్షులు కొత్తగా మొలుస్తున్న రోజులవి. కొట్టులో ఒక టీవీ, లోపల అమ్మ గదిలో ఒక టీవీ. రెండింటికీ కలిపి డిష్షు పెట్టె ఒక్కటే, అది కొట్టులో ఉండేది. కొట్టులో ఏ ఛానెలు పెడితే లోపలా అదే. నాన్న రెండో పెట్టె తీసుకుందామంటే, "నెలనెలా రెండు కట్టడానికి మనమేటి కలెక్టర్లమా?" అని అడ్డుపడింది నేనే.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు, లేచి రాలేదు. ఆవిడ సీరియల్ వేళకే కొట్టులో జనం ముసిరేవారు. "ఒరే, ఛానెలు మార్సండ్రా!" అని లోపల్నుంచి కేకేసేది. బేరానికి వచ్చినవాళ్ళు నవ్వేవారు. అలా అరవడం ఆవిడకు నామోషీ. అరవకపోతే సీరియల్ లేదు.

"రిమోటు నా సేతిలో పనిసేసీలా సూడు బాబూ. గురువారం పెళ్ళి," అంది. సీరియల్లో పెళ్ళి. చెడిపోతూ, కుదురుతూ నెలల తరబడి సాగిన సంబంధం అది.

బుధవారం పలాస వెళ్ళాను. రిమోటు సంకేతాన్ని గోడ దాటించే బుల్లి పిరమిడ్ల జత చూపించాడు కొట్టాయన.

"ఒకటి మీ అమ్మగారి కాడ పెట్టు, అది రిమోటు మాట పట్టుకుంటాది. రెండోది డిష్షు పెట్టె ముందు పెట్టు, అది అందిత్తాది. రెండూ ఉంటేనే పనిసేత్తాది."

నాకు లోలోపల నవ్వొచ్చింది. తలకు షాంపూ అడిగినవాడికి, ముందు నూనె రాయకపోతే జుట్టు రాలిపోతుందని చెప్పి రెండూ అంటగట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. సబ్బుల కట్ట విప్పి విడిగా అమ్మే చేతులు మావి.

"ఈ మాటలు మేవూ సెప్తాం మావా. ఒక్కటియ్యి, సగం ధరకి."

"ఒక్కటట్టుకెళ్ళి ఏటి సేసుకుంటావు?"

"అది నా బాధ."

మొదట తిట్టాడు, తర్వాత బతిమాలాడు, చివరికి విసిగిపోయాడు. "నీ ఇట్టం. రేపొచ్చి నా మీద పడకు," అంటూ ఒకటి తీసిచ్చాడు.

ఇంటికొచ్చాక అమ్మ రిమోటు నొక్కింది. పిరమిడ్ నెత్తిన ఎర్ర దీపం మిణుక్కుమంది. అంతే. ఛానెలు కదల్లేదు.

కందిపప్పు తూస్తున్న నాన్న సంగతి విని తక్కెడ దించాడు. "సెప్పుల కొట్టుకెళ్ళి ఒంటి సెప్పు కొనుక్కొచ్చినావేట్రా? ఏ కాలికేసుకోవాల?"

ఈసారి జనం నన్ను చూసి నవ్వారు. అమ్మ నవ్వలేదు. "రేపే కదరా పెళ్ళి," అంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పలాస. దబాయించడానికి సాక్ష్యం ఉండాలి కదా అని పిరమిడ్‌తో పాటు రిమోటు కూడా జేబులో వేసుకున్నాను.

"మిగతా సగం తీసుకుని రెండోదియ్యి," అన్నాను.

"ఎక్కడిది? నిన్న సాయంత్రం సోంపేట నుంచి ఒకాయనొచ్చి, ఒంటిదైతే సవగ్గా ఇమ్మని పట్టుకుపోనాడు. రెండూ ఉండాలని ఆయనకీ సెప్పినాను. నీలాగే నవ్వినాడు."

ఇక కొత్త జతే గతి. ధర తగ్గించమని నోరు తెరిచేలోగా, "ఒక్కటియ్యమంటావా?" అన్నాడు. నోరు మూసుకుని మొత్తం కట్టాను.

తిరుగు ప్రయాణంలో రైలు గేటు దగ్గర బస్సు ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. కూర్చుని అటూ ఇటూ కదులుతుంటే జేబులో ఏదో పక్కటెముకకు గుచ్చుకుంది. రిమోటు. డిష్షు పెట్టె మీది మీటలు బెల్లం చీమలు దూరి ఎప్పుడో చచ్చాయి. రిమోటు లేకపోతే మందసలో ఛానెలు మార్చే దిక్కు లేదు. గేటువాడిని తిట్టాను, డ్రైవర్ని తిట్టాను. తిట్టాల్సినవాడు నా సీట్లోనే కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి కొట్టు టీవీలో ఎవరో ఆవిడ హిందీలో బంగాళాదుంపలు వేయిస్తోంది. లోపల అమ్మ కూడా ఆ దుంపలనే చూస్తోంది.

"ఎంత అరిసినా మీ నాన్నేటి సేత్తాడు? రిమోటు నీ జేబులో ఉంటే," అంది.

రెండు పిరమిడ్లనూ వాటి చోట్లలో పెట్టాను. అమ్మ నొక్కింది. గోడ అవతల పెట్టె బుద్ధిగా మాట విన్నది. తెర మీద సీరియల్ అయిపోయి పేర్లు పైకి పాకుతున్నాయి.

"పెళ్ళికూతురు ఏ రంగు సీర కట్టిందో ఎవుల్నైనా అడిగి సెప్పు," అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

ఉన్నదున్నట్టు లెక్క కడితే ఇదీ: జతన్నర పిరమిడ్లు, రెండుసార్లు పలాస బస్సు ఛార్జీలు. ఇంకొంచెం కలిపితే రెండో డిష్షు పెట్టే వచ్చేది. ఆ ఒంటి పిరమిడ్‌ను సగానికి సగం తగ్గిస్తానన్నా ఇంతవరకు ఎవరూ కొనలేదు. ఇక అమ్మ చూడలేకపోయిన పెళ్ళి. దాని ధర నాకు తెలియదు. తగ్గించమని అడగడానికి అవతల ఎవరూ లేరు.