ముందొచ్చినవాడికే బ్యాటు

ఒమాన్‌లోని హమ్రియాలో దస్తగిర్ ఎవరని అడిగితే చాలామందికి తెలియదు. ముదీర్ ఎక్కడుంటాడని అడిగితే మాత్రం చాయ్ దుకాణం వాడు గ్లాసు కింద పెట్టి మరీ దారి చూపిస్తాడు. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. ఏ బ్యాంకుకో, ఆసుపత్రికో అనుకునేరు! కొండల వెనక ఎండిపోయిన వాదీలో, అంటే వాగులో, రాళ్ళు ఏరి చదును చేసుకున్న మైదానం ఒకటుంది. శుక్రవారం పొద్దున అక్కడ క్రికెట్ ఆడే హమ్రియా టీముకు ఆయన మేనేజరు. జీతమూ లేదు, కుర్చీ కూడా లేదు. తిట్లు మాత్రం వారం తప్పకుండా అందుతాయి.

తక్కిన రోజుల్లో ఆయన ఒక క్లీనింగ్ కంపెనీకి వ్యాను డ్రైవరు. తెల్లవారకముందే హమ్రియాలో పనివాళ్ళను ఎక్కించుకుని సీబ్‌లో విల్లాల దగ్గర దించుతాడు, సాయంత్రం మళ్ళీ ఒక్కొక్కరినే ఏరుకొస్తాడు. ఆ విల్లాలవాళ్ళకు ఆయన పేరుతో పనిలేదు. ఓ నేస్తం అన్నట్టు "యా రఫీక్, బండి తియ్యి" అంటారు, లేకపోతే "యా రఫీక్, ఇక్కడ పెట్టకు" అంటారు. సూపర్‌వైజరుకైతే ఆయన ఉత్త డ్రైవర్. రాయచోటిలో పుట్టి, వయసంతా స్టీరింగు వెనకే కరగబెట్టుకున్న మనిషి. ఆయన్ను ఒక హోదా ఇచ్చి పిలిచే చోటు భూమ్మీద ఆ వాదీ ఒక్కటే. అందుకే ఆ టీమంటే ఆయనకు ప్రాణం. ఊళ్ళో భార్య ఇక్బాలున్నీసా, "నాకు సవతి ఉండాదని మా అమ్మకు గూడా చెప్పినా, దాని పేరు టీమంట" అని ఫోనులో దెప్పుతూ ఉంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు గాని కాదనడు.

ఆ సవతి ఈ సీజనులో ఒక్క మ్యాచి కూడా గెలవలేదు.

ఎందుకు ఓడుతున్నారో చెప్పడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. గల్ఫులో ఏ రూముకు వెళ్ళినా ఒక వరస ఉంటుంది. ముందొచ్చినవాడికి కింది మంచం, పొద్దున స్నానానికి ముందు వంతు, కూరలో మంచి ముక్క. కొత్తవాడు పై మంచం ఎక్కాలి, అందరి తర్వాత నీళ్ళు పోసుకోవాలి. అందులో ఎవరికీ అన్యాయం కనబడదు, ఎందుకంటే వాడికీ ఒక రోజు వస్తుంది. హమ్రియా టీము పుట్టింది అలాంటి రూములోనే గనక ఆ వరస మనుషులతోపాటు మైదానంలోకీ నడిచొచ్చింది. ఒమాన్‌లో ఎవరు ముందు దిగితే వాళ్ళే ముందు బ్యాటింగ్. వీసా ఎంత పాతదైతే బ్యాటు అంత తొందరగా చేతికొస్తుంది.

అలా మొదటి బంతి ఎదుర్కొనేది రాజోలు ఇస్రాయేలు. టైల్స్ పరిచే మేస్త్రీ, అందరికన్నా పాతకాపు, నేల మీద మోకరిల్లీ మోకరిల్లీ మోకాళ్ళు అరగదీసుకున్నవాడు. రెండో బ్యాటు సాక్షాత్తూ దస్తగిర్‌ది. ఇద్దరూ పరుగు తీస్తుంటే అవతలి టీమువాళ్ళకు కూడా జాలేసేది. నల్గొండ నుంచి నిరుడే వచ్చిన ముఖీత్ జిల్లా టీముకు ఆడినవాడు, ఇక్కడ మాత్రం తొమ్మిదో నంబరు. అతని చేతికి బ్యాటొచ్చేసరికి మ్యాచి అయిపోయేది, లేదా జుమ్మా నమాజు వేళయ్యేది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని సామెతైతే అందరి నోటా ఉంటుంది. ఆ కొమ్ముల్ని తెచ్చి తొమ్మిదో నంబర్లో కట్టేయడం తప్పని ఆ టీములో ఒక్కడికీ తట్టలేదు. ముఖీత్‌కే తట్టలేదు, ఇంకెవరిని అనాలి!

ఇక మిగిలింది ఒక్కటే మ్యాచి, మత్రా సూక్ బజారులోని దుకాణాలవాళ్ళతో. అదీ ఓడితే హమ్రియా అందరికన్నా అడుగునే మిగిలిపోతుంది. అడుగున పడ్డ టీముకు వచ్చే ఏడు లీగులో చోటుండదు.

అప్పుడు పెట్టారు మీటింగు, ఇమ్రాన్ రూములో. ఇమ్రాన్ ఏసీ మెకానిక్, నిజామాబాదువాడు, మాట దాచుకోవడం తెలియని మనిషి. అతని పక్కనే జావెద్ చిరునవ్వుతో కూర్చున్నాడు. జావెద్‌కు రువీలో మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. టీమును తన చేతిలో పెడితే అందరికీ కొత్త జెర్సీలు కుట్టిస్తానని అప్పటికే మాటిచ్చి ఉన్నాడు.

"గిట్లయితే ఎట్ల ముదీర్ సాబ్?" అన్నాడు ఇమ్రాన్. "సీజనంత ఓడినం. మత్రోళ్ళు మనల్ని చూసి నవ్వుతున్నరు. జావెద్ భాయ్ చూసుకుంటనంటున్నడు. నువ్వు ఇగ పక్కకు జరుగు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు క్యాచీలు వదిలేసింది వీళ్ళు, పోవాల్సింది నేనా అని దస్తగిర్ గుండె మండింది. పదిమందీ తలలు దించుకుని కూర్చోవడం చూసి ఇంకా మండింది. తిట్టాలనే నోరు తెరిచాడు. తీరా బయటికొచ్చింది వేరే మాట.

"తీసేస్తే తీసేయండప్పా. జావెద్ వస్తాడు, జెర్సీలు తెస్తాడు, సరే. మొదటి బాలు ఎవరు ఆడతారు?"

తనే వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగాడు.

"ఇస్రాయేలే గదా? రెండోది ఎవరు? నేనే గదా? ముఖీత్ యాడ ఉంటాడు? తొమ్మిదిలోనే గదా? మరి నన్ను మార్చి ఏం లాభం? జెర్సీ మార్చినంత మాత్రాన మోకాళ్ళు మారతాయా? మార్చాల్సింది ఈ వరసను. ఈ ఒక్క మ్యాచి నాకు ఇడ్సండి. టీమును మళ్ళా మొదట్నించి కడతా. ఓడితే నేనే పోతా, మీరు చేతులెత్తే పని గూడా ల్యా."

నిజం చెప్పాలంటే, ఆ మాట నోరు దాటేదాకా ఆయనకే తెలియదు అది తన మనసులో ఉందని. ఆ వరసను ఇన్నేళ్ళూ కాపాడుకుంటూ వచ్చింది ఆయనే. కాని ఒకసారి అనేశాక వెనక్కి తీసుకునే రకం కాదు. మ్యాచి అయిన సాయంత్రం ఇదే రూములో చేతులెత్తి ఓటు వేసి తేల్చుకుందామని ఒప్పుకుని లేచారు.

మర్నాటి నుంచి వ్యాను కంపెనీలో పెట్టడం, హమ్రియాలో ఖాళీ జాగా దగ్గర టీమును నిలబెట్టడం. డ్యూటీ నుంచి వచ్చినవాణ్ణి వచ్చినట్టే పరుగెత్తించాడు. ఎత్తుగా బంతి విసిరి పట్టమన్నాడు. పట్టినవాడు ఇటు, వదిలినవాడు అటు. ఎవడు ఎప్పుడు దిగాడు, ఎవడిది ఏ ఊరు, ఎవడు ఎవడికి బావమరిది, ఏమీ అడగలేదు. అలిగినవాళ్ళను బతిమాలలేదు. టీములోంచి మొట్టమొదట తీసేసింది తన పేరే గనక ఆయన ముందు ఎవరికీ నోరు లేవలేదు.

రెండో పేరు దగ్గర ఆగిపోయాడు.

దస్తగిర్ ఒమాన్‌కు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయనకు కామెర్లు పట్టుకున్నాయి. రూములో అందరూ దూరం జరిగితే, ముక్కూ మొహం తెలియని ఇస్రాయేలు తన కింది మంచం ఇచ్చి తాను నేల మీద పడుకున్నాడు. డ్యూటీకి పోయే ముందు గంజి కాచి తలాపున పెట్టి పోయేవాడు. అలాంటివాడితో ఈ మాట ఎలా చెప్పాలో తెలియక దస్తగిర్ ఆ వారమంతా తప్పించుకు తిరిగాడు. చివరికి మ్యాచికి ముందురోజు సాయంత్రం చాయ్ దుకాణం దగ్గర పట్టుకున్నాడు.

"ఇస్రాయేలూ, రేపు నువ్వు ఆడేది వద్దు."

"మోకాలి గురించా? కట్టు కట్టేసుకుంటాన్లేరా."

"కట్టు కట్టినా అంతే. నువ్వు టీములో ల్యావు. నేను గూడా ల్యా."

ఇస్రాయేలు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నువ్వు మానేసుకుంటే నీ ఇష్టం. నీ పదవి నిలబెట్టుకోడానికి నన్ను తీసేత్తావా?"

ఆ మాటలో సగం నిజముంది. అందుకే అది సూటిగా వెళ్ళి తగిలింది. దస్తగిర్ తల వంచలేదు.

"అవును, పదవి కోసమే. టీము కోసం గూడా. రెండూ ఉండాయి. నీ కాడ నేను అబద్ధం చెప్పను."

"మంచిది. రేపు మైదానానికి నేను రాను. చేతులెత్తేటప్పుడు మాత్రం వత్తాను, చూసుకో," అని ఇస్రాయేలు చాయ్ సగంలో వదిలేసి కుంటుకుంటూ పోయాడు. దస్తగిర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. అయినా పేరు మార్చలేదు.

శుక్రవారం పొద్దున మత్రావాళ్ళు ముందు బ్యాటింగుకు దిగారు. దస్తగిర్ గీత బయట నిలబడ్డాడు, ఆడకుండా నిలబడడం ఆయనకు అదే మొదలు. మత్రావాళ్ళలో బట్టల దుకాణం కుర్రాడొకడు బంతిని కొండకేసి బాదడం మొదలుపెట్టాడు. కెప్టెన్సీ ఆ రోజు దస్తగిర్ ముఖీత్‌కే అప్పగించాడు. "ఇమ్రాన్‌ను వెనక్కి పంపించు, బౌండ్రీ కాడికి!" అని దస్తగిర్ గొంతు చించుకున్నాడు. ముఖీత్ వినయంగా తలూపాడు. తలూపి, ఇమ్రాన్‌ను ఇంకా దగ్గరికి, బ్యాటు ముందుకే పిలిచాడు. తనే బంతి తీసుకుని మెల్లగా వేశాడు. కుర్రాడు తొందరపడి ఊపాడు, బంతి బ్యాటు అంచుకు తగిలి ఇమ్రాన్ చేతుల్లో పడింది.

అందరితోపాటు దస్తగిరూ ఎగిరాడు. ఎగిరి దిగేలోపే మనసు కలుక్కుమంది. నా మాట విని ఉంటే ఆ బంతి నేల మీద పడేది కదా! పోనీ ఒక్కసారే అనుకుంటే, మళ్ళీ అదే జరిగింది. ఆయన బౌలర్ను మార్చమన్నాడు, ముఖీత్ మార్చలేదు, వికెట్ పడింది. ఆ తర్వాత దస్తగిర్ ఏదో అరవబోయి నోరు మూసుకున్నాడు. మేనేజరుగా ఆయన ఆ రోజు చేసిన మంచి పని అదే.

ముఖీత్ మొదటి బ్యాటు పట్టాడు. ఎండ నెత్తికెక్కకముందే, కొన్ని బంతులు మిగిలి ఉండగానే హమ్రియా గెలిచింది. కుర్రాళ్ళు దస్తగిర్‌ను భుజాల మీదికి ఎత్తబోయారు గాని ఆయన బరువుకు ఇద్దరు కూలబడ్డారు. లీగులో చోటు మిగిలింది.

సాయంత్రం ఇమ్రాన్ రూము కిక్కిరిసింది. ఇస్రాయేలు అన్నట్టే వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఇగ మాట్లాడేది ఏమున్నది?" అన్నాడు ఇమ్రాన్. "దస్తగిర్ సాబే మన ముదీర్. ఎత్తుండ్రి చేతులు!"

అన్ని చేతులూ లేచాయి. జావెద్ కూడా నవ్వుతూ ఎత్తాడు. లేవనివి రెండే, ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి దస్తగిర్‌ది.

దస్తగిర్ ఆ చేతులన్నీ చూశాడు. ఆ పదవి ఆయనకు కావాలి. అంత ఇదిగా ఎప్పుడూ కోరుకోలేదు. వారం కింద గుంజుకోబోయినవాళ్ళే ఇప్పుడు పిలిచి ఇస్తున్నారు, తీసుకుంటే తప్పనేవాడు లేడు. ఆయన అందర్నీ చేతులు దించమన్నాడు.

"ఇనండప్పా. ఇస్రాయేలును ఎందుకు తీసేసినా? ముందొచ్చినాడని బ్యాటు ఇయ్యకూడదనే గదా. మరి నాకు ఈ పని ఎట్లొచ్చె? నేనూ ముందొచ్చినా కాబట్టే. పొద్దున నేను అరిచినట్ల ముఖీత్ చేసింటే ఓడిపోతాంటిమి. నన్ను ఉంచుకుంటే ఇస్రాయేలుకు నేను చేసింది మోసమైతాది. అది నాతో కాదు. నన్ను దించేయండి. ముఖీత్‌ను పెట్టండి."

రూములో ఒక్కసారిగా గోల. ముఖీత్ లేచి నిలబడ్డాడు. "నేను నిరుడు వచ్చినోణ్ణి భాయ్. నా మాట ఎవరింటరు?"

"నేను ఇంటా. ఏదన్నా చెప్పు."

ముఖీత్ అందరివంకా చూశాడు. దస్తగిర్ కళ్ళు తిప్పుకోలేదు, చెప్పేదాకా వదిలేటట్టు లేడు.

"రేపటి సంది ప్రాక్టీస్," అన్నాడు ముఖీత్ ఎట్టకేలకు. "మీరు, ఇస్రాయేలన్న ఇద్దరూ రావాలె. టీములకు కాదు. మా బ్యాటోళ్ళకు బాల్స్ ఎయ్యనీకి."

"వస్తా," అన్నాడు దస్తగిర్.

గుమ్మం దగ్గర నుంచి ఇస్రాయేలు కసిరాడు. "నన్నడక్కుండా నా పేరెలా చెప్పేత్తాడ్రా వీడు?"

"ఆయన ముదీర్. అడిగే పని ల్యా." దస్తగిర్ వచ్చి అతని ముందు నిలబడ్డాడు. "లెయ్యి. చాయ్ తాగుదాం పా."

ఇస్రాయేలు మొహం తిప్పుకున్నాడు. తర్వాత, తన మోకాళ్ళ సంగతి ఎరిగినవాడే కాబట్టి, చెయ్యి చాచాడు. దస్తగిర్ ఆ చెయ్యి పట్టుకుని పైకి లేపాడు.