కేకల మధ్య జున్ను

మొన్న నరసరావుపేటలో మా అక్క మనవరాలి ఓణీల వేడుకకు వెళ్లి భోజనాల్లో కూర్చుంటే, పక్క వరుసలో మా బావ, అంటే అక్క మొగుడు, పిరికి కుక్కకు ధైర్యం ఎలా నేర్పాలో కొత్త చుట్టాలకు చెబుతున్నాడు. మరదలి కుక్కను దారిలో పెట్టింది తానేనట. విస్తరి ముందు గొడవెందుకని ఊరుకున్నాను కానీ, మరిచిపోయానని ఆయన అనుకుంటే పొరపాటు. నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు, కొన్ని మాటలు మింగినా అరగవు.

జున్ను మా గొడ్లసావిట్లో పుట్టిన నాటు కుక్క. గిన్నె కింద పడినా మంచం కిందికి దూరేది. కానీ కళ్లంలో ఎండబోసిన మిరపకాయల మీదుగా, ఒక్క కాయ కూడా తొక్కకుండా దూకేది. పేటలో కుక్కలకు అజిలిటీ పోటీ పెడుతున్నారని, కర్రల మీంచి దూకి, గుడ్డ గొట్టంలో దూరి, యజమానితో పాటు పరుగెత్తడమే ఆ పోటీ అని మా అబ్బాయి చెప్పాడు. నాటు కుక్కకు ఇవన్నీ ఎందుకని ఇంట్లో అందరూ అన్నారు, అందుకే పేరు ఇచ్చాను.

మా బావ బండలాగుడు పందేలకు ఎడ్లను మేపిన మనిషి. ఆ రోజు ట్రాక్టరు నిండా చుట్టాలను వేసుకొచ్చాడు. జున్ను మొదటి కర్ర దూకిందో లేదో, ఎడ్లు బండ లాగేటప్పుడు వేసే కేకలు, ఈలలు వేస్తూ తువ్వాళ్లు ఊపడం మొదలుపెట్టారు. ప్రోత్సహించడానికే లెండి, మా వాళ్లకు ఇంకో రకం ప్రోత్సాహం తెలియదు. జున్ను గొట్టంలో దూరి ఇక బయటికి రాలేదు. చీర ఎగదోపుకుని నేనే పాక్కుంటూ వెళ్లి దాన్ని లాక్కురావలసి వచ్చింది.

"ఏందే మరదలా, కుక్కను తెచ్చావనుకుంటే కుందేలును తెచ్చావే" అన్నాడు బావ, అందరూ వినేలా. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు, అదీ గుర్తుంది.

మరుసటి ఏడు మళ్లీ పేరు ఇచ్చాను. ఈసారి కేకలు వద్దని బావ దగ్గరికి వెళ్లి అడిగాను. "నోరు మూసుకొని కూర్చోడానికి అదేమన్నా చావిల్లా? వస్తాం, చానా మందిమి వస్తాం" అన్నాడు. సరే, రమ్మన్నాను.

కొత్త ఎద్దును పందేనికి తెచ్చేవాళ్లు దానికి వెంటనే బండ కట్టరు. ముందు మైదానం అంచున కట్టేసి, డప్పులు మోగుతుంటే ఉలవలు పెడతారు. ఎద్దుకు పనికొచ్చింది కుక్కకు ఎందుకు పనికిరాదనుకున్నాను. బావ మనుషులు ఎడ్లకు సాధన చేయించే చోటికి, కేకలు లీలగా వినబడేంత దూరంలో, జున్నును తీసుకెళ్లి ఉడికించిన గుడ్డు పెట్టేదాన్ని. తింటే మరునాడు కొంచెం దగ్గరికి, చెవులు వాలిస్తే మాట్లాడకుండా ఇంటికి. తిట్టలేదు, తాడు గుంజలేదు. ఇంట్లో యూరియా సంచులు కుట్టి గొట్టం చేసి, జున్నును లోపలికి తోయకుండా అవతలి వైపు కూర్చునేదాన్ని.

"కుక్కకు గుడ్లు పెడతన్నావు, మరి మొగుడికేం పెడతన్నావే?" అన్నాడు బావ ఒకరోజు.

"ఆయన కూడా కర్ర దూకితే పెడతాలే బావా" అన్నాను.

పోటీ రోజు బావ అన్నంత పనీ చేశాడు, రెండు ట్రాక్టర్లు తెచ్చాడు. కేకలు లేచాయి. గొట్టం దగ్గర జున్ను ఆగిపోయి చెవులు వాల్చింది. నేను పిలవలేదు, లాగలేదు, అవతలి వైపుకు వెళ్లి నేల మీద కూర్చున్నాను. కేకలు ఇంకా పెరిగాయి. వాలిన చెవులు మెల్లగా లేచాయి. గొట్టం ఒకసారి వణికింది, జున్ను నా ఒళ్లో ఉంది. లేచి ఇద్దరం పరుగెత్తాం.

చివరి కర్ర పడింది, బహుమతి రాలేదు. "కర్ర పడేసిందిగా" అన్నాడు బావ.

"పడితే పడిందిలే, దాక్కోలేదుగా" అన్నాను. ఆయన మళ్లీ కుందేలు మాట ఎత్తలేదు.

ఇప్పుడు జున్ను లేదు. ఎడ్ల పందేల దగ్గర మైకులో పాటలు పెరిగి నోటి కేకలు తగ్గాయి, బావ గొంతూ జీరపోయింది. పేటలో కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్లు కార్లలో వస్తున్నారు, పోటీల్లో జనాన్ని చప్పుడు చేయొద్దని ముందే చెబుతున్నారు. మంచిదే, కుక్కలు సుఖపడతాయి. కానీ అంత నిశ్శబ్దంలో పరుగెత్తే కుక్కను చూస్తే, నాకెందుకో చప్పట్లు కొట్టబుద్ధి కాదు.