మిరుగంనాటి పచ్చజొన్న

ఆ యేడు ఊరి జొన్న ఎండిపోయింది మా బాపు మాట వల్లేనని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఆయన వద్దన్నాడు, విత్తింది నేను. ఆయన బతికుండగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మాది బెల్లంపల్లి దగ్గరి నల్లరేగడి ఊరు. నాన్నను బాపు, అమ్మను అవ్వ, మృగశిర కార్తెను మిరుగం అంటాం. మిరుగానికి వాన పడేది, పడితే విత్తేవాళ్లం. విత్తడానికి సరిపడా తడి, అంటే పదును, ఉందో లేదో చూడమని అందరూ బాపును పిలిచేవారు. ఆయన మోచేతి లోతు తవ్వి, అడుగు మన్ను పిడికిట్లో పిసికి, ముద్ద నిలిస్తే "ఇత్తుండ్రి" అనేవాడు.

ఎనభైల్లో వానలు తప్పసాగాయి. అడవి నరికినందుకని కొందరు, బొగ్గుబావుల పేలుళ్లకు మబ్బులు చెదురుతున్నాయని కొందరు అనేవారు.

ఆ యేడు మిరుగంనాడు ఒక గట్టి జల్లు పడింది. బాపు చేను తవ్వి చూశాడు.

"ఆగుదాం రా. కింద భూమి ఇంకా కాగుతనే ఉన్నది."

"మిరుగం దాటితే పంట లేదని నువ్వే గద చెప్పినవ్?"

"చెప్పిన. గప్పటి మిరుగం వేరు."

"మరి వాన మళ్ల ఎప్పుడొస్తది?"

"నాకేం ఎర్క? మబ్బు నాకు అల్లుడా, కబురు పెట్టి వచ్చెటందుకు?"

మర్నాడు ఆయన అంగడికి పోగానే విత్తనాలు వేసే గొర్రు కట్టాను. ఏటేటా మంచి కంకులు ఏరి, బూడిద కలిపి కుండలో దాచుకున్న పచ్చజొన్న విత్తనం అది. "సగం ఉంచు బిడ్డా" అని అవ్వ అంటున్నా వినకుండా కుండ బోర్లించాను. మా చేన్లో గొర్రు చూసి, బాపు పదును చూశాడనుకుని, ఆయన తిరిగొచ్చేలోగా ఊరంతా విత్తింది.

మొలకలు వేలెడు లేచి మాడిపోయాయి. వాన వచ్చేసరికి ఎవరింట్లోనూ ఆ గింజ లేదు.

"ఏం పెద్దమనిషీ, మన్ను పిసికినవా, మా నోట్లె కొట్టినవా?" అని ఊరివాళ్లు మా వాకిట్లో నిలబడి అడిగారు.

బాపు నా వైపు చూడలేదు. "తప్పయింది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

మరుసటి యేడు ఆయన ఆగమంటే ఎవరూ ఆగలేదు. వాన పట్టింది, విత్తినవాళ్లకు పండింది. ఆగినది మేమొక్కళ్లమే. ఆ పై యేడు తొందరపడ్డవాళ్లందరూ మొలకలు మాడి మళ్లీ మునిగారు. ఎప్పుడు ఏది సరైనదో చెప్పగలవాళ్లు లేకుండా పోయారు. బాపును పిలవడం మానేశారు. ఆయనా చేన్లో చెయ్యి పెట్టలేదు. మబ్బు పట్టిందంటే చాలు, లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు.