కొలెస్ట్రాల్ లేకున్నా కొలెస్ట్రాల్ గోలీ

ఈరోజు షుగరు చూపించుకోవడానికి దవాఖానకు పోతే డాక్టరమ్మ కొలెస్ట్రాల్ గోలీ కూడా రాసింది. రిపోర్టులో కొలెస్ట్రాల్ బాగానే ఉంది కదమ్మా అంటే, షుగరున్నవాళ్లకు గుండె కాపాడటానికి అంది. బయట ఖాదర్ కలిశాడు. గనిలో నాతోపాటే పనిచేసి రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టేవాడు. ఆయన చెయ్యి పడితే మొండి దుంగ కూడా సలాం కొట్టి నిలబడేది. ఆయనకూ షుగరే.

"లేని రోగానికి మందేంది భాయ్?" అని చీటీ చూపించి అడిగాను.

"కప్పు ఎంత గట్టిగున్నా దుంగ పెట్టకుంట దాని కింద నిలబడ్డమా అన్నా? ఏసుకో!"

"నువ్వు ఏసుకుంటున్నవా?"

"కాళ్లు గుంజుతున్నయని బంద్ జేసిన."

"డాక్టరమ్మకు చెప్పినవా?"

"చెప్తే తిడ్తది."

రేపు ఖాదర్ చెయ్యి పట్టుకుని ఆమె దగ్గరికే తీసుకుపోతాను. ఈ పూట మాత్రం గోలీ ముందుంది, నీళ్లున్నాయి, మనసే ఎటూ తేలడం లేదు. షుగరున్న దోస్తులారా, మీరేం చేస్తున్నారు?