ఉమ్మి మింగని ఉపవాసం

కరోనా పోయిందని జనం నమ్మడం మొదలుపెట్టిన ఏడాది, దసరా నవరాత్రులు. నాగ్‌పాడా వైపు ఒక చిన్న దవాఖానాలో నేను నర్సుని. పుట్టింది, పెరిగింది కామాటిపురా చాల్‌లోనే, వరసగా ఒంటిగదుల కాపురాలుండే బిల్డింగులో. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బడిలో మరాఠీ. అందుకే తెలుగు పేషెంటు వస్తే డాక్టరుగారు నన్ను పిలిచేవారు. ఆయన మరాఠీ మనిషి, మంచివాడు. చెడ్డవాడైతే ఈ సంగతి చెప్పడం నాకు ఇంకొంచెం తేలికయ్యేది.

నవరాత్రుల్లో మాకు గొంతు నొప్పులు ఎక్కువ. పొద్దంతా ఎండిన నోరు, సాయంత్రం ఐసు వేసిన షర్బతు, నూనెలో తేలే సాబుదానా వడలు, అంటే సగ్గుబియ్యం వడలు. వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్తాం. గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి. ఉప్పునీళ్లతో గార్గిల్ చేయండి, అంటే గొంతు దాకా పోనిచ్చి పుక్కిలించి ఉమ్మేయండి. యాంటిబయాటిక్ ఇస్తే వేళ తప్పకండి. అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు.

బాలమణి పాలమూరు నుంచి వచ్చి మా చాల్‌లోనే ఉండే మనిషి. బిల్డింగు పనుల్లో ఇసుక మోసేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క కొడుకు మహేశ్‌ని ఇక్కడే మరాఠీ బడిలో చదివించింది. వాడికి తల్లి మాట సగం అర్థమవుతుంది, జవాబు మాత్రం మరాఠీలోనే వస్తుంది. వర్లిలో ఒక ఆఫీసులో ప్యూను పనికి చేరాడు, ఇంకా పర్మినెంటు కాలేదు. అది కావాలని ఆమె అమ్మవారికి మొక్కుకుంది.

ఊళ్లో ఆమె పట్టేది ఒక్కపొద్దు. ఒక పూట తినొచ్చు, నీళ్లు తాగొచ్చు, ఉప్పు మాత్రం తగలకూడదు. ఇక్కడ పక్కగది మరాఠీ ఆవిడ పట్టేది నిర్జల ఉపాస్. హారతి అయ్యేదాకా నీళ్లు ముట్టదు, ఫలహారంలో ఉప్పు వేసుకుంటుంది. బాలమణి రెండూ కలిపేసింది. ఉప్పూ లేదు, నీళ్లూ లేవు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

మొదటిసారి తనే నడిచి వచ్చింది. జ్వరం ఉంది, టాన్సిల్స్ ఎర్రగా వాచాయి.

"ఉప్పునీళ్లు పుక్కిలించు బాలమణీ," అన్నాను.

"ఉప్పు నోట్ల పడితే ఒక్కపొద్దు చెడదా అక్కా?"

"మింగుమన్ననా? పుక్కిలించి ఊంచెయ్యి."

"నోరు నోరే గదనే. అమ్మకు తెల్వదా?"

డాక్టరుగారు మూడు పూటలా అన్నం తిన్నాక వేసుకొమ్మని గోళీలు రాశారు. అన్నం తినేది ఒక్క పూటే కాబట్టి ఒక్కటే వేసుకుంటానంది. నేను ఆమె మీద అరిచాను. ఆయన వద్దని వారించి, కనీసం నీళ్లు తాగమని బతిమాలారు. ఆమె ఆయనకు దండం పెట్టి నవ్వి వెళ్లిపోయింది.

తర్వాత కొన్ని రోజులకు ఒక సాయంత్రం మార్కెట్‌కు పోయి మందుల పెట్టెలతో తిరిగి వచ్చేసరికి మహేశ్ దవాఖానా మెట్లు దిగుతున్నాడు. వర్లి నుంచి గ్రాంట్ రోడ్‌లో రైలు దిగి నేరుగా వచ్చాడట.

"ఏమైందిరా?"

"మమ్మీ ఫోన్ చేసింది సిస్టర్. ఘసా ప్రాబ్లం ఇంకా ఉంది. డాక్టర్‌కి చెప్పిన. అవే గోళీలు చాలూ ఠేవ్ అన్నడు."

ఘసా అంటే మరాఠీలో గొంతు. గొంతు నొప్పి తగ్గలేదంటే ఏ డాక్టరైనా అవే గోళీలు వాడమంటాడు. కానీ బాలమణికి మరాఠీ ఎప్పుడు వచ్చిందని నాకు తేడాగా అనిపించింది.

"మీ అమ్మ ఏమన్నదో ఆమె మాటల్లనే చెప్పు."

"మాట క్లియర్ లేదు. గస వస్తున్నది బిడ్డా, గస వస్తున్నది, అన్నది."

పాలమూరులో గస అంటే గొంతు కాదు. ఊపిరాడకపోవడం.

వాడికి ఏమీ చెప్పలేదు. పెట్టెలు అక్కడే పడేసి, పల్స్ ఆక్సిమీటర్, అంటే వేలికి తగిలించి రక్తంలో ప్రాణవాయువు చూసే క్లిప్పు, తీసుకుని పరుగెత్తాను. వాడు వెనక వచ్చాడు.

గదినిండా ఆడవాళ్లు. బాలమణి గోడకు ఆనుకుని ముందుకు వంగి కూర్చుంది. నుదుట వాళ్లు పెట్టిన పసుపు కుంకుమలు, ఒళ్లో కొబ్బరికాయ, పక్కన స్టీలు గిన్నె. నోట్లోంచి కారుతున్న ఉమ్మిని అందులోకి వదులుతోంది. చాల్‌లో పెద్దమనిషి పోశవ్వ ఆమె పాదాలు తాకి నాతో గొప్పగా అంది:

"ఏం నిష్ఠనే తల్లీ! ఉమ్మి గూడ మింగుతలేదు."

నా ఒళ్లు మండిపోయింది. మింగక కాదు, మింగరాక. నోరు తెరవమంటే ఒక వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. దీన్ని ట్రిస్మస్ అంటారు, దవడ బిగుసుకుపోవడం. మాట వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు ఉంది. టాన్సిల్ వెనక చీము పడితే ఇలా అవుతుంది, క్విన్సీ అంటారు. మొదట్లో సూదితో లాగేస్తే తగ్గిపోయే జబ్బు. క్లిప్పు మీద అంకె చూసి టాక్సీ తెమ్మని అరిచాను. "హారతి కానియ్యి," అన్నారెవరో. వాళ్లను నెట్టేశాను.

టాక్సీలో బాలమణి నా చెయ్యి వదల్లేదు. మండపాల ముందు బండి ఆగినప్పుడల్లా నా వంక చూసేది. ఒకసారి ఏదో అంది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"చుక్క గూడ... మింగలే అక్కా. చెడలే గద?"

"చెడలేదు," అన్నాను. ఇంకేమనను?

పెద్దాసుపత్రిలో మెడకు రంధ్రం చేసి గొట్టం వేశారు. చీము అప్పటికే ఛాతీలోకి దిగిందన్నారు. మర్నాడు పోయింది.

పదోరోజు కర్మకు చాల్ అంతా వచ్చింది. నవరాత్రుల్లో పోయింది, పుణ్యాత్మురాలు, అమ్మ పిలిపించుకుంది అన్నారు. "అమ్మ కాదు పోశవ్వా, చీము," అన్నాను. "కండ్లు పోతయి, అట్లనకు," అని చెంపలు వేసుకుంది. మహేశ్ వింటున్నాడు. గస సంగతి మాత్రం వాడికి నేను చెప్పలేదు, ఎవరూ చెప్పకూడదనే నా కోరిక. ఆ నెలలోనే వాడి ఉద్యోగం పర్మినెంటు అయింది.

ఈ కేసు తర్వాత నేను పని చేసే పద్ధతి మారింది. ఫోనులో చెప్పారు, కొడుకు చెప్పాడు అంటే వినను, మనిషిని తీసుకురమ్మంటాను. గొంతు నొప్పి అనగానే ఉపవాసమా అని అడుగుతాను. మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరిపిస్తాను. నా ఎదుటే ఒక గుక్క నీళ్లు తాగిస్తాను. "మింగుతలేను" అంటే ఊరుకోను. మింగుతలేవా, మింగొస్తలేదా అని రెండుసార్లు అడుగుతాను.

మరుసటి దసరాకు మా చాల్ నుంచే ఒక కొత్త కోడలు వచ్చింది. గొంతు నొప్పి. చేతిలో మూతపెట్టిన చిన్న డబ్బా. నీళ్ల గ్లాసు ఇస్తే తల అడ్డంగా ఊపి, డబ్బాలో ఉమ్మేసి చెప్పింది.

"మింగొస్తది సిస్టర్. మింగొద్దు. బాలమణి ఉపాస్ పట్టిన."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"అందరు పడుతున్నరు. ఆయనకు నౌకరీ కావాలె."

బాలమణి పట్టింది ఉపవాసం కాదని, అది జబ్బని, ఆ జబ్బుతోనే చచ్చిపోయిందని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల ఓపికగా విని, డబ్బా మూత బిగించుకుంది.

"మరి ఆమె కొడుకుకు పర్మినెంట్ ఎట్లయింది?" అంది.